గుర్రాల పోటీ ఖర్చులు

అరబ్బు దేశంలో, ఖతీఫ్ అనే ఊళ్లో ఐసు ఫ్యాక్టరీ అకౌంటెంటుగా ఉన్నప్పుడు, ఏటా చలికాలంలో జరిగే గుర్రపు స్వారీ పోటీలకు లెక్కలు రాసిపెట్టేవాణ్ణి. నాకు జీతం లేదు, చూడవచ్చేవాళ్లకు టికెట్టూ లేదు. రిటైరైన ఒక బడిపంతులు తన ఖర్జూర తోట పక్కనున్న ఖాళీ స్థలంలో ఆ పోటీలు నడిపేవారు. ఊరంతా ఆయన్ని ఉస్తాద్ అనేది. వచ్చిన చందాల మేరకే ఖర్చు. ఏదైనా మిగిలితే గుర్రాల దాణాకు.

ఒక ఏడాది పోటీలు వారం ఉన్నాయనగా, బహుమతుల డబ్బు ఇస్తానన్న దుకాణదారు చేతులెత్తేశాడు. తోటలో చాప మీద కూర్చున్నాం. ఉస్తాద్ గహ్వా కాఫీ పోసి, "ఏది తగ్గిద్దాం?" అని అడిగారు. నాతో ఆయన హిందీలోనే మాట్లాడేవారు, మధ్యమధ్య అరబ్బీ కలిపి.

నేను లెక్కల మనిషిని. అంబులెన్సు అద్దె, గుర్రాలను చూసుకునే నలుగురికి పోటీలు జరిగే రెండు రోజులకూ ఇచ్చే అదనపు కూలి కొట్టేస్తే బహుమతులకు సరిపోతుందన్నాను. బహుమతులు లేకపోతే రౌతులు రారని నా భయం.

ఆ నలుగురిలో ఒకడు మా రాయచోటి వైపు మనిషి. పక్కనే గుర్రం ఒళ్లు తోముతూ అంతా విన్నాడు. తెలుగులో నాతో అన్నాడు: "అన్నా, మా కూలి తీసేస్తే తీసేయండి, ఎట్లో సర్దుకుంటాం. ఆ బండి మాత్రం వద్దనొద్దు. పోయినేడు గుర్రం నన్ను కింద పడేసినప్పుడు అది లేకుంటే ఈ కాలు నాకు దక్కేది కాదు."

సిగ్గుపడుతూనే ఆ మాట ఉస్తాద్‌కు చెప్పాను. ఆయన నా చేతిలోని పెన్ను తీసుకుని బహుమతుల వరుసను కొట్టేశారు.

"గెలిచినవాళ్లకు మా తోట ఖర్జూరాలు ఇద్దాం. వీళ్ల కూలి ముట్టుకోవద్దు."

"రౌతులు రాకపోతే ఉస్తాద్?"

"మనమిద్దరమే స్వారీ చేద్దాం. నీకు వచ్చా?"

బహుమతి డబ్బు లేదని ఫోన్లు చేసి ముందే చెప్పాం. అయినా రౌతులు వచ్చారు. జుబైల్ పట్నం నుంచి కూడా గుర్రాలను ట్రక్కుల్లో తెచ్చారు. గెలిచినతను ఖర్జూరాల బుట్టను జీను మీద పెట్టుకుని మైదానమంతా తిరుగుతూ పంచిపెట్టాడు. రెండు రోజులూ ఎవరూ పడలేదు. అంబులెన్సు డ్రైవరు నీడలో హాయిగా నిద్రపోయాడు.

లెక్కలు ముగిస్తూ, "ఆ అద్దె ఊరికే పోయింది" అన్నాను.

"అల్‌హమ్దులిల్లా! ఏటా ఇలాగే పోవాలి" అని నవ్వి, ఉస్తాద్ తనే లేచి గుర్రాల దగ్గరికి వెళ్లి నలుగురికీ కూలి చేతికిచ్చారు.

మా రాయచోటి మనిషి నోట్లు జేబులో పెట్టుకుంటూ నావైపు తిరిగి, "చూస్తివా అన్నా! బండీ ఉండె, మా కూలీ వచ్చె" అన్నాడు.