బుధవారపు సీసా

ఒక్క చుక్క పారబోయకుండా తట్టు టీకా సీసాను పదిమంది పిల్లలకూ పంచడం మా కోడలు సాధించిన మొదటి ఘనకార్యం. వినడానికి చిన్నదే. కానీ ఆ మందు పొడిలో నీళ్లు కలిపాక పూట దాటితే పనికిరాదు. ఇద్దరు పిల్లలొస్తే ఇద్దరికి వేసి, మిగిలింది పారబోయడమే పిల్లల డాక్టరుగారి ఆసుపత్రిలో రివాజు. అక్కడ నర్సుగా చేరిన మా కోడలికి అది చూస్తే కడుపు రగిలేది. "తట్టు టీకాకు బుధవారం తప్ప రావద్దు" అని తల్లులకు నూరిపోసింది. డాక్టరుగారిని ఒప్పించడానికే ఏడాది పట్టింది. తల్లులు తిట్టుకుంటూనే దారికొచ్చారు. "బుధవారం మహారాణి" అని పేరు పెట్టారు.

అదొక్కటేనా! కరెంటు పోయిన పూట మందులన్నీ మంచుగడ్డలు పేర్చిన చల్లపెట్టెలోకి మార్చి కాపాడింది. సూదికి జడిసి బల్ల కింద దూరిన పిల్లాడి కోసం తానూ బల్ల కింద దూరి, వాణ్ణి నవ్విస్తూ బయటికి తెచ్చింది. మామను కదా అని పొగడటం లేదు, కళ్లతో చూసిందే రాస్తున్నాను.

మొన్నటి వానల్లో టీకా సరఫరా ఆగిపోయింది. ఎక్కడ అడిగినా లేదన్న మాటే. ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఒకే ఒక్క తట్టు సీసా మిగిలింది. అదే సమయానికి పక్క వీధిలో ఒక పిల్లాడికి తట్టు పోసింది.

"బుధవారం దాకా ఆగలేం. రేపు సోమవారమే వేసేద్దాం. ఎవరెవరికి?" అన్నారు డాక్టరుగారు.

"ఒక్క టీకా కూడా పడని పసివాళ్లకే ముందు. రెండోది వేయించుకోవాల్సిన వాళ్లు ఆగుతారు" అంది మా కోడలు.

రెండోది వేయించుకోవాల్సిన వాళ్లలో మా మనవడూ ఉన్నాడు. ఆమె కన్నకొడుకే.

సోమవారం మధ్యాహ్నానికి పిలిచిన పదిమందిలో తొమ్మిదిమంది వచ్చారు. దర్జీపని చేసే అమ్మాయి కూతురు రాలేదు. తల్లికి ఫోన్ చేస్తే ఎత్తదు. మా ఆవిడ మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కాచుకుని ఉంది.

"ఆ ఒక్కటీ వీడికి వేసెయ్యవే. ఊరికంతా దిక్కయ్యావు, కన్నబిడ్డకు కాలేవా?"

"వీడికి చిరిగిందైనా ఒక గొడుగుంది అత్తయ్యా. ఆ పిల్ల నెత్తిన ఏమీ లేదు."

"గొడుగుట! రేపు తడిస్తే మందు నువ్వు తాగుతావా?"

మా కోడలి కళ్లు ఒక్క క్షణం పిల్లాడి మీదే నిలిచాయి. డాక్టరుగారు కల్పించుకున్నారు. "కలిపిన మందు అయిదింటిదాకా పనికొస్తుంది, చూద్దామమ్మా. అప్పటికీ రాకపోతే మీవాడికే. పారబోసేది మాత్రం లేదు."

మా కోడలు చెప్పులేసుకుని బయల్దేరింది. వెనకే నేనూ. మేం వెళ్లేసరికి ఆ దర్జీ తన ఇంట్లో మిషను ముందు కూర్చుని కాజాలు కుడుతోంది. పిల్ల గుడ్డపీలికల్లో ఆడుకుంటోంది.

"ఏంటక్కా, ఇలా వచ్చావు?"

"పొద్దున ఫోన్ చేసి రమ్మన్నాను కదే!"

"ఎవరో ఆట పట్టిస్తున్నారనుకుని, మళ్లీ మోగినా ఎత్తలేదు. బుధవారం కాక ఇంకో రోజొస్తే గుమ్మం ఎక్కనివ్వనన్నది నువ్వే కదా! పోయిన నెల మంగళవారం వస్తే తిప్పి పంపలా?"

మా కోడలు తెల్లబోయింది. తర్వాత నడుం పట్టుకుని నవ్వింది. "నా మంత్రం నాకే తగిలిందే తల్లీ! ఇవాళ సోమవారమే బుధవారం. పద, పద!"

దర్జీ జుట్టులో దారప్పోగులతోనే పిల్లను చంకనేసుకుని పరుగెత్తింది. గడియారం అయిదు కొట్టకముందే ఆఖరి చుక్క ఆ పిల్లకు పడింది. ఆసుపత్రి అదిరేలా ఏడ్చింది.

"ఆ గొంతు వింటే తట్టు ఈ దరిదాపులకు రాదులే" అంది మా ఆవిడ. కోపం అప్పటికి సగం దిగింది. "మరి మావాడి వంతెప్పుడే మహారాణీ?"

"మందొచ్చిన రోజే అత్తయ్యా. నేనే వెళ్లి తెస్తా."

అన్నట్టే వెళ్లింది. పట్నంలోని పెద్ద మందుల గోదాముకు సరుకు వచ్చిందని కబురందింది. తెచ్చుకోవడానికి వెళ్లిన నర్సులందరికీ సీసాను చివరి చుక్కదాకా ఎలా వాడాలో చెప్పమని మా కోడల్నే నాలుగు రోజులు ఉండమన్నారు. అదీ ఆమె తాజా ఘనకార్యం. మా వాటా సీసాలు చల్లపెట్టెలో తనే మోసుకొస్తుంది. మా ఆవిడ మనవడికి చొక్కా చెయ్యి పైకి మడిచి ఏడవకుండా కూర్చోవడం ఇప్పట్నుంచే నేర్పుతోంది. వాడు నేర్చుకునేలా లేడు.

మా కోడలు తిరిగొచ్చేది ఈ నెల పద్దెనిమిదో తారీఖున. బుధవారం.