టూ-టూ సైజు చేతికి ఆరు తీగల గిటారు

ఆ రోజుల్లో మా నిజామాబాద్‌లో ఆడపిల్ల చెయ్యి చిన్నగా ఉంటే అదృష్టమనేవారు. గాజుల కొట్టు నడిపే మా అవ్వయితే నా చేతిని కొట్టుకు వచ్చిన వాళ్లందరికీ నమూనాగా చూపించేది. వేళ్లు దగ్గరికి నొక్కి, బొటనవేలు లోపలికి మడిచి, అన్నిటికన్నా చిన్నదైన టూ-టూ సైజు గాజును ఒక్క ఊపులో ఎక్కించి, "సూసిన్రా, ఎన్నముద్ద లెక్క చెయ్యి" అనేది. (ఆ మెచ్చుకోలు నా చేతికా, అమ్ముడుపోక మిగిలిన చిన్న గాజులకా అన్న అనుమానం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.) అంత అదృష్టమూ ఒక సాయంత్రం గిటారు దగ్గర చిత్తయింది.

పెళ్లిళ్లలో పాడే ఒక ఆర్కెస్ట్రాలో అప్పుడు నేను కోరస్ పాడేదాన్ని. దాని యజమానిని పెద్దమాస్టర్ అనేవాళ్లం. మనిషీ పెద్దే, చేతులు ఇంకా పెద్దవి. ఆయన వేలొక్కటి బోధన్ చెరుకుగడంత ఉండేదంటే మీరు నమ్మరు కాబట్టి కణుపంత అని తగ్గించి చెబుతున్నాను. నాలుగు తీగల బేస్ గిటారు వాయించే అన్న గల్ఫ్ పోవడంతో ఆ చోటు ఖాళీ అయింది. చెవికన్నా ముందు రొమ్ములో మోగే ఆ లోతు శబ్దమంటే నాకు పిచ్చి. ఆ అన్న వెనకాల పడి అంతో ఇంతో నేర్చుకున్నాను కూడా. ఆ చోటు నాకిమ్మని అడిగితే పెద్దమాస్టర్ నా చేతిని తన అరచేతిలో పెట్టుకుని, జామపిందెను చూసినట్టు చూసి, "నాలుగు తీగలకే అందది పిల్లా నీ చెయ్యి. గిలక్కాయ ఊపు, సక్కగుంటది" అన్నాడు. గిలక్కాయంటే పాటలో చికుచికుమనిపించడానికి ఊపే ఆ జత డొల్లలు. రిహార్సల్ హాలంతా నవ్వింది. నేను ఊరుకోవలసింది. కానీ నా నోరు టూ-టూ సైజు కాదు.

"నాలుగెందుకు మాస్టర్, ఆరు తీగలదే వాయిస్త" అన్నాను.

ఆయనా ఆ మాటే పట్టుకున్నాడు. బోధన్‌లో ఒప్పుకున్న పెళ్లికి ముందు జరిగే రిహార్సల్‌లో వాయిస్తే ఆ చోటు నాది, లేకుంటే జిందగీ అంతా గిలక్కాయే అన్నాడు. అప్పటిదాకా ఆరు తీగల బేస్ గిటారును నేను కంటితో చూడలేదు. (అసలుంటుందని కూడా తెలియదు. పంతానికి నోటికొచ్చిన అంకె అది.)

మర్నాడే హార్మోనియంలు బాగుచేసే సేఠ్ దుకాణానికి పోయి, పుట్టి పెరిగిన కొట్టు అలవాటు కొద్దీ, టూ-టూ సైజులో గిటారు చూపించమన్నాను. సేఠ్ కళ్లద్దాలు తుడుచుకుని నన్ను మళ్లీ మొదటి నుంచి చూశాడు. తర్వాత ఒక మామూలు బేస్ తీసి నా భుజాన వేశాడు. దాని మెడ చివరనున్న మొదటి మెట్టు అందుకునేసరికి నేను నిజామాబాద్‌లో, నా వేళ్లు అల్లంత దూరాన రెంజల్‌లో ఉన్నాయి. అప్పుడు వెలిగింది నాకు: గాజు ముడిచిన చేతి కొలత. గిటారు అడిగేది చాపిన చేతిని. ఇన్నేళ్లుగా నా చేతిని అవ్వ పొగిడినా, మాస్టర్ ఎగతాళి చేసినా, దాన్ని పూర్తిగా చాపి చూసినవాళ్లు లేరు. చూపుడువేలు నుంచి చిటికెనవేలు దాకా సాగదీసి, ఇంత మేరలో మెట్లు అందే గిటారు కావాలని మొండికేశాను.

సేఠ్ మూలనున్న గుడ్డ తీశాడు. పొట్టి మెడ, సన్నటి మెడ, దాని మీద పక్కపక్కనే ఒరుసుకున్నట్టు ఆరు తీగలు. "అది ఎవ్వరికి పట్టదు బేటీ. హైదరాబాద్ ఉస్తాద్ ఒకాయన చేయించుకున్నడు. వేళ్లు ఇరుక్కుంటున్నయని ఈడనే ఇడిసిపెట్టి పోయిండు" అన్నాడు.

నా వేళ్లు ఆ సందుల్లో సొంతింట్లో తిరిగినట్టు తిరిగాయి. మెడ సన్నం కావడంతో బొటనవేలు వెనక నిలిచింది. పట్టీ కురచ చేసి రొమ్ము మీదికి లాక్కున్నాక బరువూ కుదురుకుంది. పైగా ఆరు తీగలుంటే మెడ పొడుగునా పరుగెత్తే పనే లేదు. కావలసిన స్వరం పక్క తీగ మీదే ఉంటుంది, వీధి చివరిదాకా పోకుండా పక్కింట్లో ఉప్పు అడిగి తెచ్చుకున్నట్టు. బేరం అవ్వే చేసింది. అమ్ముడుపోని సరుకు బాధ తెలిసిన మనిషి కదా, సేఠ్‌ను చూస్తే నాకే జాలేసింది. ఇల్లు చేరాక మాత్రం, "వేళ్లు కాయలు కాస్తే గాజులెట్ల ఎక్కుతయే" అని దిగులు పడింది. గాజులు వేలికొసకు తొడగరని చెబితే, "గదొక్కటి నేర్పకు నాకు" అంది.

రిహార్సల్‌లో వాయించాను. పాట అయిపోయాక, ఆ రోజు నవ్వినవాళ్లెవరూ నవ్వలేదు. పెద్దమాస్టర్ లేచొచ్చి, అది ఆటబొమ్మ అయి ఉంటుందని, తాను వాయించి చూపిస్తానని లాక్కున్నాడు. ఒక తీగ నొక్కబోతే రెండు నొక్కుకున్నాయి. బస్టాండులో రెండు బస్సులు ఒకేసారి హారన్ కొట్టినట్టయింది. వేలు పక్కకు తిప్పాడు, మూడు మోగాయి. నేను ఆ మాటను అన్ని రోజులూ దాచిపెట్టుకున్నాను.

"మీ చేతులు జర పెద్దగున్నయి మాస్టర్. గిలక్కాయ ఊపుండ్రి, సక్కగుంటది."

బోధన్ పెళ్లి, ఎప్పుడో గుంటూరు వైపు నుంచి వచ్చి కాలువ కింద సాగు చేసుకుంటున్న రైతుల ఇంట్లో. పెళ్లికూతురి నాయనమ్మ నా దగ్గరికొచ్చి, "అంత బరువు మోస్తున్నావు, కాస్త కూర్చుని వాయించమ్మాయ్" అంది. కూర్చోలేదు. అడుగు తీగ మీటితే పందిట్లో మజ్జిగ గ్లాసులు వాటంతటవే జరిగాయి, రోడ్డు మీద చెరుకు బండి ఎద్దులు వెనక్కి నడిచాయి. (నమ్మనివాళ్లు ఆ ఎద్దులనే అడగాలి.) మూడో పాటకు గిలక్కాయ ఊపే మనిషి లేకపోతే పెద్దమాస్టరే ఊపాడు. ఇది మాత్రం నిజం. బాగా ఊపాడు కూడా.

ఇప్పుడు నా గాజు సైజు టూ-ఎయిట్. అవ్వ సబ్బు నురగ రాసి, మూలుగుతూ ఎక్కిస్తుంది. వేళ్లు మాత్రం అంతే ఉన్నాయి, ఆ గిటారూ అంతే ఉంది. దాన్ని ఒళ్లోకి తీసుకున్నప్పుడల్లా, ఉందో లేదో తెలియని దాన్ని వాయిస్తానన్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ సాయంత్రం దాని నోటికి ఆరు బదులు పది వచ్చి ఉంటే ఏం చేసేదో. ఏం చేస్తుంది, పది తీగలది వెతికేది.