చావని సేనాపతి

కత్తియుద్ధం సినిమాకి వెళ్తే నాకు కనీసం ఒక తలైనా తెగిపడాలి. హీరో తోటలో పాటలు పాడుకుంటే పాడుకోనీ, రాజకుమారి చెరసాలలో ఏడిస్తే ఏడవనీ, చివరి పావుగంటలో మాత్రం ఎవడిదో ఒకడి తల మెట్ల మీంచి దొర్లుకుంటూ రావాలి. రాకపోతే ఆ ఆదివారం దండగ అనుకునేవాణ్ణి. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. రాయపూర్ రైల్వే లోకోషెడ్డులో ఫిట్టర్ని. కోపం ముక్కు మీద ఉండేది, ఒంట్లో మాత్రం పావుసేరు కండ ఉండేది కాదు. అలాంటి మనిషికి కత్తి సినిమాలు నచ్చక ఇంకేం నచ్చుతాయి?

నాకు జోడీ మా బావ, అక్క మొగుడు. అదే షెడ్డులో కమ్మరి. విజయనగరం పక్క పల్లెటూరి నుంచి ముందు ఆయన వచ్చి, తర్వాత నన్ను తీసుకొచ్చి పనిలో పెట్టించాడు. సమ్మెట ఎత్తితే పక్కవాళ్లు రెండడుగులు వెనక్కి జరిగేవారు. నవ్వితే కాలనీలో నాలుగు క్వార్టర్లకి వినపడేది. నన్ను 'ఫిట్టరుబాబు' అని ఏడిపించేవాడు. ఆయనంటే నాకు ప్రాణం, ఆయన ఎగతాళి అంటే ఒళ్లు మంట. ఈ రెండూ ఒకేసారి ఉండేవి.

ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే ఇద్దరం గోల్ బజార్ మీదుగా నడుచుకుంటూ టాకీసుకి పోయేవాళ్లం. వచ్చేవి ఎక్కువగా హిందీ సినిమాలే. ఎప్పుడో ఒకసారి తెలుగు బొమ్మ వస్తే కాలనీ అంతా పిల్లాపాపలతో కదిలేది. బల్లల తరగతిలో మేమిద్దరం పక్కపక్కన కూర్చునేవాళ్లం. అందరూ హీరో మొహం చూసేవారు. మేం వాడి చేతిలో ఉన్నదేమిటో చూసేవాళ్లం.

"రేకురా అది, డబ్బా రేకు. సూడు, ఎలా ఒంగిపోతందో" అనేవాడు బావ, అందరికీ వినపడేలా. ముందు వరసలోంచి ఎవరో "చుప్ బే" అనేవారు. బావ లేచి నిలబడితే మళ్లీ కిక్కురుమనేవారు కాదు.

నాకు బాగా నచ్చినవాటిలో ఒకటి కోట ముట్టడి సినిమా. కోట తలుపుకి పెద్ద పెద్ద మేకులు. ఏనుగు తలతో కుమ్ముతుంది. పైనుంచి మరిగే నూనె పోస్తారు. కింద మనుషులు డాలు నెత్తిన పెట్టుకుని అరుస్తూ దొర్లుతారు. ఆ అరుపులకి నాకు వెన్నులోంచి జలదరింపు పుట్టి హాయిగా ఉండేది. హాయిగా అని రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది గాని, అప్పుడు ఉన్నది అదే. బావ మాత్రం ఏనుగు నుదురు తగలగానే తలుపు మేకు ఒకటి చొట్టపడిందని, అది అట్టతో చేసిందని, ఆ ఏనుగుకి కూడా ఆ సంగతి తెలుసని చెప్పి నవ్వాడు.

ఆయన మెచ్చినది ఒక్క ఇంగ్లీషు సినిమానే. అందులో మనుషులు తలనుంచి కాలిగోరు దాకా ఇనుము తొడుక్కుని, గుర్రాల మీద ఎదురెదురుగా వచ్చి పొడవాటి బల్లేలతో పొడుచుకుంటారు. దాన్ని నాలుగుసార్లు చూశాడు. మాటలు ముక్క అర్థం కాలేదు. "ఆ మోకాలి కాడ ఇనుం ఎలా మడిసేడో సూసేవా? ఆడు కమ్మరంటే" అని దారి పొడుగునా అదే మాట. ఇంటికొచ్చి బొగ్గుతో వంటింటి గోడ మీద ఆ మోకాలి కీలు గీశాడు. మా అక్క చీపురు తిరగేసింది.

ఆ రోజుల్లో సినిమాలో రక్తం నల్లగా ఉండేది. అంతా నలుపూ తెలుపూ కదా. కత్తి దిగిన చోట నల్లటి మరక కనిపించేది. బహుశా అందుకే అంత సులువుగా చూసేవాళ్లమేమో.

మా కాలనీ తెలుగువాళ్లు ఏటా దసరాకి నాటకం వేసేవారు. ఆ ఏడు కత్తియుద్ధం నాటకం వేద్దామని మేమిద్దరం పట్టుబట్టాం. చూసిన సినిమాలన్నిట్లోంచీ తలో ముక్కా తెచ్చి కథ కుట్టాం. రాజుని చంపి సింహాసనం ఎక్కిన సేనాపతి బావ. అడవిలో పెరిగిన రాజకుమారుణ్ణి నేను. చివర నా చేతిలో ఏడో దెబ్బకి సేనాపతి చావాలి. ఏడు అని లెక్కపెట్టింది బావే. రిహార్సల్లో ఆయన పడిపోతూ పెట్టే కేకకి పక్క క్వార్టరులో పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు.

కత్తుల దగ్గర ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. చెక్క కత్తికి వెండి కాగితం అంటిద్దామని ఎవరో అంటే, "కమ్మరీధిలో సూదులమ్ముతారేటి మీరు?" అన్నాడు. షెడ్డులో పారేసిన బండి కమాను పట్టీలు రెండు తెచ్చి కొలిమిలో పెట్టాడు. నేను ఆకురాయి పట్టాను. పది రోజుల్లో రెండు కత్తులు తయారయ్యాయి. ఒకదానికొకటి తగిలిస్తే మోగిన మోతకి షెడ్డులో పని ఆగిపోయింది. ఏ సినిమాలోనూ అంత మంచి చప్పుడు మేం వినలేదు.

పిడి దగ్గర అడ్డుకమ్మీ ఒకటి ఉంటుంది కదా, పిడికిలికీ కత్తికీ మధ్య? అది పెడదామా అని అడిగాను.

"అది సోకురా. సినిమావోళ్లు తళతళలాడాలని ఎడతారు. మనకెందుకు?" అన్నాడు బావ.

నేనూ నిజమే అనుకున్నాను. అన్ని సినిమాలు చూశాం, అన్ని కత్తులకి వంకలు పెట్టాం, ఆ అడ్డుకమ్మీ ఎందుకుందో ఇద్దరికీ తట్టలేదు.

విజయదశమి పొద్దున కమ్మరిషెడ్డులో ఆయుధపూజ. సమ్మెటలు, పట్టకార్లు, ఆకురాళ్లు అన్నీ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, ఇనుము పెట్టి కొట్టే దాగలి చుట్టూ వరసగా పేరుస్తారు. పూజ అయ్యాక మర్నాడు పొద్దున దాకా ఏ పనిముట్టునీ ఎవరూ ముట్టకూడదు. అది మా షెడ్డు కట్టు. చీల వదులైనా సరే, ఆ రోజుకి అలా ఉండాల్సిందే. మా కత్తులు రెండూ కూడా పూజలో పెడదామని బావ తెచ్చాడు. ముసలి మేస్త్రి ఒకటి చేతిలోకి తీసుకుని, అంచు మీద బొటనవేలు రాసి, కింద పెట్టేశాడు.

"పదును నేదు. పదును నేనిది ఆయుధమేటిరా, ఇనప ముక్క. అమ్మోరి ముందర ఇనప ముక్క ఎడతావేటి?"

నలుగురిలో ఆ మాట అనేసరికి బావ మొహం కందిపోయింది. సానరాయి ముందు కూర్చుని రెండు కత్తులకీ పదును పెట్టాడు. కాగితం గాలిలో వదిలి కత్తి అడ్డం పెడితే రెండు ముక్కలైంది. మేస్త్రి తల ఊపాడు. పూజ అయిపోయింది. ప్రసాదం నోట్లో వేసుకుంటుండగా నాకు గుర్తొచ్చింది, నాటకం మధ్యాహ్నం మూడింటికి. సాయంత్రం అందరూ రావణుణ్ణి కాల్చడం చూడ్డానికి పోతారు కనక ముందే పెట్టుకున్నాం. పదును తీసెయ్యాలంటే ఆకురాయి కావాలి. ఆకురాయి పసుపు పూసుకుని అమ్మవారి ముందు ఉంది.

"బల్లపరుపుగా కొట్టుకుందాం. అంచు తగలనివ్వకు, అంతే కదా" అన్నాడు బావ. నేను సరే అన్నాను.

పట్టాల కింద వేసే పాత స్లీపరు దుంగలు పేర్చి వేదిక కట్టారు. ఎండ మొహం మీద కొడుతోంది. ముందు చాపల మీద ఆడవాళ్లు, వెనక మగవాళ్లు, కంచె అవతల ఊరివాళ్లు కూడా చేరారు. మా అక్క సరిగ్గా మధ్యలో కూర్చుంది. బావ రేకు కవచం తొడుక్కుని, నెత్తిన ఇనప టోపీ పెట్టుకుని, ఎడంచేత డాలు పట్టుకుని వేదిక మీదికి వస్తే ఈలలు పడ్డాయి. నేను వస్తే ఎవరో దగ్గారు.

యుద్ధం మొదలైంది. ఆ మోతకి జనం లేచి నిలబడ్డారు. ఒకటి, రెండు, మూడు. చెయ్యి భుజం దాకా జిల్లుమంటోంది. ఆరు. ఏడో దెబ్బ కవచం మీద బల్లపరుపుగా కొట్టాను. బావ పడలేదు. మర్చిపోయాడేమో అనుకుని ఇంకోటి కొట్టాను. పడలేదు. జనం వైపు తిరిగి మీసం దువ్వాడు. ఈలలే ఈలలు. "మార్ రే సేనాపతీ!" అని కంచె అవతలివాళ్లు. తొమ్మిది, పది. నాకు ఊపిరి అందడం లేదు.

"పడు బావా" అన్నాను పళ్ల బిగువున.

"నీ సేతిలోనేటి, నాను సచ్చేది?" అని నవ్వి, డాలుతో ఒక్క తోపు తోశాడు. వెల్లకిలా పడ్డాను. కాలనీ మొత్తం నవ్వింది. లేస్తూ చూశాను, అక్క కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

ఆ తర్వాతది నేను స్పష్టంగానే రాస్తాను. రాజకుమారుడు, సేనాపతి ఏమీ గుర్తులేదు. ఈ మనిషిని కొట్టాలి అన్నదొక్కటే ఉంది. పిడి రెండు చేతులతో పట్టుకుని, అంచు ఆయన వైపు తిప్పి, తల మీదికి ఎత్తి కొట్టాను. ఆయన కత్తి అడ్డం పెట్టాడు. నా కత్తి ఆయన కత్తి మీద పడి, దాని పొడుగునా నిప్పురవ్వలు రాలుస్తూ కిందికి జారింది. పిడి దగ్గర దాన్ని ఆపేది ఏమీ లేదు. బావ చూపుడువేలు, దాని పక్క వేలు స్లీపరు దుంగ మీద పడ్డాయి.

ఒక్క క్షణం నాకు సంతోషం కలిగింది. గెలిచాననుకున్నాను. బావ మోకాళ్ల మీద కూలబడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు. రక్తం ఎర్రగా, చాలా ఎర్రగా, దుంగ సందుల్లోకి కారుతోంది. అంత చక్కటి రంగు ఎక్కడ సంపాదించారో అని ఎవరో మెచ్చుకోవడం కూడా విన్నాను. అక్క ఒక్కతే కేక పెట్టి లేచింది. రిహార్సల్లో క్వార్టర్లు అదిరేలా అరిచిన బావ ఇప్పుడు నోరు మెదపలేదు. దాంతోనే ఆవిడకి తెలిసిపోయింది. కంచె అవతల ముసలాడెవరో "కా హోగే గా?" అని, ఏమైందో తెలియక అడుగుతూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో బావ కట్టెలు కొడుతుంటే తెగిందని చెప్పాడు. షెడ్డు ఇనుముతో కత్తులు చేశామంటే మేస్త్రితో సహా అందరి పనీ ఊడుతుంది. మొహానికి రంగేసుకుని కట్టెలు కొట్టావా అని డాక్టరు హిందీలో అడిగాడు. బావ అవునన్నాడు. డాక్టరు ఇంకేం అడగకుండా కట్టు కట్టాడు.

వరండాలో అక్క నా చొక్కా పట్టుకుంది.

"జారిందేట్రా, కొట్టేవేట్రా?"

"జారిందే అక్కా."

జారింది నిజమే. అక్క నా మొహంలోకి చూసి చొక్కా వదిలేసింది.

కుడిచేతికి ఆ రెండు వేళ్లూ లేకపోతే సమ్మెట నిలవదు. కొన్నాళ్లు ఎడమచేత్తో ప్రయత్నించి దాగలి అంచు పగలగొట్టాడు. తర్వాత ఆయన్ని షెడ్డు గేటు దగ్గర జెండా ఇచ్చి కూర్చోబెట్టారు. మేస్త్రి ఆ కత్తుల్ని కొలిమిలో వేసి తలుపు గడియలు చేశాడు. రోజూ పనిలోకి వెళ్తూ గేటు దాటేటప్పుడు నేను తల దించుకునేవాణ్ణి. బావ నన్ను ఫిట్టరుబాబు అనడం మానేశాడు. సినిమాలకి పోవడం ఇద్దరం మానేశాం. ఆ నవ్వు లేక కాలనీ నాకు పాడుపడినట్టుండేది. నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు గేటు దగ్గర ఆగానో. ఆగి, మళ్లీ లోపలికి నడిచేవాణ్ణి.

ఎండాకాలం దాటి మొదటి వానలు పడ్డాక, ఒక ఆదివారం బావ మా గుమ్మంలో నిలబడ్డాడు.

"కత్తి బొమ్మొచ్చింది. ఎల్దామేటి?"

వెళ్లాం. పాత బల్లే. ఈసారి బావ ఏ కత్తికీ వంక పెట్టలేదు. చివరి యుద్ధం వచ్చింది. హీరో ఎత్తి కొట్టాడు. సేనాపతి కత్తి అడ్డం పెట్టాడు. హీరో కత్తి జారుతూ వచ్చి, పిడి దగ్గర అడ్డుకమ్మీకి తగిలి ఠక్కున ఆగింది. బావ ఊపిరి పీల్చడం నాకు వినపడింది.

"సోకు కాదురా అది" అన్నాడు మెల్లిగా.

నాకు ఏడుపు ఆగలేదు. "బావా, అది జారడం నిజమే. కానీ నేను కోపంతోనే కొట్టాను. అంచు తిప్పి మరీ కొట్టాను."

"తెలుసు. నీ మొగం నానొక్కణ్ణే కదా దగ్గిరుండి సూసింది."

తెర మీద సేనాపతికి పొట్టలో కత్తి దిగింది. నల్లటి మరక పాకింది. రెండడుగులు వెనక్కి వేసి, మెట్ల మీద బోర్లా పడి కదలకుండా ఉండిపోయాడు. హాలంతా ఈలలు. బావ మూడు వేళ్ల చెయ్యి నా మోకాలి మీద వేసి, తెర వైపే చూస్తూ అన్నాడు.

"సూడు, ఎంత బుద్ధిగా సచ్చేడో."