రెండో చక్రానికి నీళ్ళు

పొద్దున కాలిన పెనం మీద నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమంది. ఆ మోతకే పదేళ్ళ పిల్లనై, పామిడి పక్కన మా ఊళ్ళో కమ్మరి మస్తాన్ మామ కొలిమి ముందు నిలబడ్డాను. బండి చక్రానికి ఎర్రగా కాల్చిన ఇనుప పట్టా తొడగడం మీలో ఎందరికి గుర్తుంది? తొడిగిన మరుక్షణం నీళ్ళు పోస్తేనే పట్టా బిగుస్తుంది. ఆలస్యమైతే చెక్క కాలిపోతుంది.

ఆ ఏడు వానల్లేవు. బండి లేకపోతే మా ఎద్దులకు మేత తెచ్చే దారి లేదు. ఎండిన పెన్న ఇసకలో చెలమ తోడి తెచ్చినవి నాలుగే కడవలు. మొదటి చక్రానికి పోసిన నీళ్ళను కింద రాతి తొట్టిలో పట్టాం. రెండో చక్రానికీ అవే. పోసే పని నాది. చెంబు ముంచితే వేళ్ళు చురుక్కుమన్నాయి. చేయి ఆగిపోయింది. చక్రం నుంచి పొగ లేచింది.

"ఏమ్మే, అట్ల నిలబడినావు?" నాయన అరిచాడు.

"నీళ్ళు కాల్తాండాయి నాయనా! వేడినీళ్ళతో ఇనుము యాడ చల్లారుతాది?"

చెక్క అంటుకుంది.

"పోయ్ తల్లీ, పోయ్! నీ చేతికి వేడి గానీ, కాలిన ఇనుముకు అవి చల్లనీళ్ళే!" మస్తాన్ మామ గొంతు చించుకున్నాడు.

పోశాను. చక్రం కీళ్ళన్నీ కటకటమని బిగుసుకున్నాయి.

హైస్కూల్లో సైన్సు పాఠాల్లో రెండో సూత్రాలు రెండొచ్చాయి. చలనానిది బట్టీ కొట్టాను. ఉష్ణానిది చెబుతూ సారు నన్ను లేపారు. "వేడి వస్తువు నుంచి చల్లని దాంట్లోకి పోయిన వేడి, తనంతట తాను వెనక్కి వస్తుందా?"

"రాదు సార్. పొద్దు గుంకేలోపల చక్రం నుంచి తొట్టి నీళ్ళలోకి పోయిన వేడి గాలికి పోయింది. నీళ్ళు మా ఎద్దులు తాగినాయి."