కుడి భుజం మీద చెయ్యి

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా పొలం శ్మశానం పక్కనే. చీకట్లో ఒంటరిగా నీళ్లు కట్టుకున్నవాణ్ణి, ఏనాడూ ఏమీ చూడలేదు. ఇది కూడా దయ్యం కథని ఎవరూ అనుకోవద్దు. ఏమనుకోవాలో మాత్రం నాకూ తెలియదు.

పందొమ్మిది వందల అరవైల నాటి మాట. మాది అల్లూరు దగ్గర పల్లె. నా భార్య రమణమ్మ విషజ్వరంతో పోయిన మరుసటి ఏడు నా కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా కూడా లేచేది కాదు. పార ఎత్తలేని రైతుకు పొలమెందుకు? కాపడాలు పెట్టాను, నూనెలు రుద్దించాను, ఆస్పత్రి మాత్రలు మింగాను. ఏదీ పనిచేయలేదు.

అప్పుడే సుబ్బరామయ్య అనే ఆయన రంగూన్ నుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చి అల్లూరులో కాపురం పెట్టాడు. రంగూన్‌లో ఉండగా ఒక చీనా వైద్యుడి దగ్గర సూదులు గుచ్చి నొప్పులు తగ్గించే వైద్యం నేర్చుకున్నాడట. మందూ లేదు మాకూ లేదు, వెంట్రుకల్లాంటి సన్నటి సూదులు, అంతే. ఇదేం చోద్యమనుకుంటూనే వెళ్లాను.

మొదటి రోజు భుజంలో సూదులు గుచ్చి, కాసేపు కదలొద్దన్నాడు. భుజం బరువెక్కింది. తర్వాత ఎవరో పట్టుకున్నట్టయింది. నేను నోరు విప్పకముందే ఆయన వంగి చూశాడు.

"ఏందన్నా ఇది? నాలుగు వేళ్లతో నొక్కినట్టు గుంటలు పడుండాయే!"

సూదులు తీశాక సైకిలెక్కాను. అల్లూరు దాటగానే వెనక క్యారియర్ మీద బరువు పడింది. భుజాన్ని ఒక చెయ్యి పట్టుకుంది. మా పల్లె మొదటి ఇల్లు కనబడగానే ఆ చెయ్యి తొలగిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. అది రమణమ్మ అలవాటు. సైకిల్ మీద ఎక్కించుకుంటే ఊళ్లో సీటు కింది స్ప్రింగు పట్టుకునేది, ఇళ్లు దాటాకే నా భుజం పట్టుకునేది. "పడితే మాత్రం నవ్వరా? గట్టిగా పట్టుకో" అంటే, "నలుగురూ చూస్తే నగుబాటయ్యా. నీకేం, మొగోడివి" అనేది. ఈ సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

వెళ్లిన ప్రతిసారీ అంతే. దారంతా ఇంటి సంగతులు చెప్పుకుంటూ వచ్చేవాణ్ణి. జవాబు వచ్చేది కాదు. కానీ నా చెయ్యి పైకి లేచే కొద్దీ ఆ పట్టు తేలికవుతూ వచ్చింది.

"ఇంకొక్కసారి రా అన్నా, నొప్పి పూర్తిగా పోతాది" అన్నాడు సుబ్బరామయ్య సంతోషంగా.

నొప్పితో పాటు ఆ చెయ్యీ పోతుందేమో! కొన్నాళ్లు ఎగ్గొట్టాను. ఇంతలో నాట్లు ముంచుకొచ్చాయి, గట్లు చెక్కాలి. చేసేది లేక వెళ్లాను.

ఆ రోజు చెయ్యి నిటారుగా లేచింది. తిరిగొస్తుంటే భుజం మీద పట్టు ఉందో లేదో అన్నంత తేలిక. మా ఊరి మొదటి ఇల్లు వచ్చింది. ఇక తీసేస్తుందనుకున్నాను. తీయలేదు. పట్టపగలు, అరుగుల మీద జనం చూస్తుండగా, వీధి పొడుగునా పట్టుకునే వచ్చింది.

ఇంటి ముందు దిగి చూస్తే క్యారియర్ ఖాళీ. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

అది సూదుల వల్ల నరాలు చేసిన మాయో, నా మనసు పడ్డ ఆరాటమో, మరేదో, ఇప్పటికీ చెప్పలేను. ఇన్నేళ్లలో ఆ భుజం ఒక్కనాడూ నొప్పి పెట్టలేదు. పెట్టినా బాగుండేది.