కమ్మరి సోమన్న హాజరీ

కమ్మరి సోమన్న నిద్రపోయి తొమ్మిది రోజులైంది. 1949 ఎండాకాలం. కేతేపల్లికి ఆమడ దూరంలోని ఆ ఊళ్లో అతను దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు బరిసెలు చేసిచ్చాడని మిలిటరీకి ఎవరో చెప్పారు. మిలిటరీ వాళ్లు అతన్ని కొట్టి వదిలేశారు. కాని రోజూ పొద్దున ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి క్యాంపుకు పోయి హాజరీ వేయించుకోవాలి. పేరు పిలిచేదాకా రేకుల కింద గంటల తరబడి కూర్చోవాలి.

పక్కటెముకలు వాచి, ఇంట్లో పడుకుంటే ఊపిరాడేది కాదు. ఇక్కడ పట్టని కునుకు క్యాంపులో పట్టేది. కునుకులో నోటి నుంచి మాటలు జారేవి. బరిసెలు పట్టుకుపోయిన ముగ్గురి కోసం మిలిటరీ వెతుకుతోంది, వాళ్ల పేర్లు అతనికి తెలుసు.

"ఇయ్యాల ఒకని పేరు సగం నోట్లెకెళ్లి వచ్చిందే," అన్నాడు మధ్యాహ్నం ఇంటికొచ్చి. "పక్కనున్న ఏసోబు తొడ గిచ్చిండు. లేకుంటె అయిపోతుండె."

ఎట్లాగైనా అతన్ని నిద్రపుచ్చాలని భార్య హనుమమ్మ పక్కన కూర్చుంది. పన్నెండేళ్లుగా కొలిమి తిత్తి లాగిన మనిషి, తెలిసిందే చెప్పింది.

"నేను తిత్తి లాగినట్టు గుండెల నిండ గుంజు. వదులు. మల్ల గుంజు."

నాలుగోసారికి పక్కటెముక కలుక్కుమంది. దగ్గు తెర తెరలుగా వచ్చింది.

"నన్ను సంపనీకి మిలిటరోళ్లు సాలలేదా, నువ్వు గూడ మోపైనవ్?"

మూలన కూర్చున్న సోమన్న తల్లి ఈదమ్మ కోడలి మీద లేచింది. "గట్ల ఊదితె నిప్పు రాజుతది గాని ఆరుతదా? ఇనుము కాలవెడ్తున్నవా, మొగుణ్ణి పండవెడ్తున్నవా? పని ఒడిసినంక ఏం జేస్తం? కొలిమి మీద బూడిద గప్పి, తిత్తి ముట్టకుంట ఊకుంటం. అండ్ల గాలి అదే మెల్లగ పోతది. కొడుకా, నువ్వేం గుంజకు. వచ్చినంత రానీ, పోయినంత పోనీ."

"ముసల్దానికి నా పానం మీద ఎకసెక్కం," అని గొణుగుతూనే సోమన్న నొప్పి లేని పక్కకు ఒరిగాడు. హనుమమ్మ అతని పొట్ట మీద అరచేయి ఆనించింది. నొక్కలేదు. చాలాసేపు ఆ చెయ్యి ఎగిరెగిరి పడింది. తర్వాత నెమ్మదించింది. పోయే ఊపిరి వచ్చే ఊపిరి కంటే పొడుగైంది. నోరు తెరుచుకుంది. ఇద్దరు ఆడవాళ్లూ బిగుసుకుపోయారు. అతని నోటి నుంచి పేరు రాలేదు, గురక వచ్చింది.

పొద్దు వాలింది. క్యాంపు రెండు మైళ్లు.

"లేపు బిడ్డా, యాళ్ల అయితాంది. పోకుంటె ఇల్లు కాలవెడ్తరు," అంది ఈదమ్మ గొంతు తగ్గించి.

"గిప్పుడు లేపితె ఆడ గూసుండి నిద్రమబ్బుల అన్ని పేర్లు జెప్తడత్తా."

హనుమమ్మ మెల్లగా చెయ్యి తీసి, కొంగు నడుముకు చుట్టి, ఒక్కతే బయల్దేరింది. మొగుడికి జ్వరమని, అతని బదులు తాను వచ్చానని క్యాంపులో చెప్పింది. హాజరీ వేసే జమాదారు తిట్టలేదు. పొద్దున సోమన్న వచ్చేదాకా అతని జాగాలో కూర్చోమన్నాడు.

బరిసెలు కాలుస్తున్నప్పుడు తిత్తి లాగింది హనుమమ్మే. ఆ ముగ్గురి పేర్లూ ఆమెకు తెలుసు. మొగుడి పక్కన కూర్చుని ఆ తొమ్మిది రాత్రులూ ఆమె కూడా కన్ను మూసింది లేదు. రేకుల కింద ఆమె రెప్పలు వాలుతున్నాయి.

పొద్దుటి హాజరీకి ఇంకా పదమూడు గంటలున్నాయి.