ఖాళీ తరాజు

ఎనభైల చివర్లో నాందేడ్‌లో కొత్తగా పెట్టిన కంప్యూటర్ క్లాసుకు ఆఫీసు అయ్యాక వెళ్లేవాణ్ణి. మా బామ్మర్ది కూడా వచ్చేవాడు. ధర్మాబాద్‌లో వాళ్లది ధాన్యం దుకాణం. కొడుకు తరాజు దగ్గర కూర్చుని తూకం వెయ్యాలని మా మామ పట్టు; మా ఇంట్లో ఉండి సి భాష నేర్చుకుంటానని వీడి పట్టు. చివరికి మామ ఒక మాట అన్నాడు: ఆదివారం వచ్చి బస్తాల తూకాలు చెప్తాను, మిషన్ సరిగ్గా కూడితే ఉండు, లేకపోతే నాతో రైలెక్కు.

శనివారం సాయంత్రానికి వాడు రాసిన ప్రోగ్రాం నడిచింది. కానీ మూడు జొన్న బస్తాల తూకాలు ఇస్తే లారీ లోడంత మొత్తం చూపించింది. మళ్లీ నడిపితే ఇంకో అంకె.

"కూడిక తప్పలేదు బావా, మిషన్‌కే పిచ్చి లేసింది," అన్నాడు.

ఏదైనా పైనుంచి వరసగా చదవడం నా అలవాటు. తప్పు ఉంటే మిషన్ ఆగిపోతుంది. అనుమానం ఉంటే హెచ్చరిక చూపించి ముందుకు పోనిస్తుంది. తెర మీద రెండు హెచ్చరికలున్నాయి. క్లాసులో వాటినెవరూ చదివేవారు కాదు.

"గవి ఉత్తగనే బావా. బస్సుల బీడీ తాగొద్దని రాస్తరు సూడు, గట్ల."

"అయినా చదువు."

లాభం అనే పేరు పెట్టారు గానీ ఎక్కడా వాడలేదని మొదటిది.

"ఇదేంది?"

"రాశి కొలిచేటప్పుడు ఒకటి అనం గద, లాభం అంటం. అందుకే మొదలు ఆ పేరు రాసిన."

"వాడలేదంటున్నది."

"శుభానికి రాసింది వాడుతరా?"

రెండోది అసలైనది. మొత్తం అనే పేరుకు విలువ ఇవ్వకముందే దాన్ని వాడుతున్నారట.

"మొదటి బస్తా కలపకముందు మొత్తంల ఏమున్నది?" అని అడిగాను.

"ఏం లేదు."

"లేదని మిషన్‌కు చెప్పినవా?"

వాడు గొంతు తగ్గించి అన్నాడు: "సున్న పెట్టాల్నా? తూకం షురూ జేస్తూ సున్న అని ఎవలన్న అంటరా బావా? బాపు చూస్తే లేచి పోతడు."

అప్పుడర్థమైంది. వాడు మరిచిపోలేదు, సున్నతో మొదలుపెట్టడం అశుభమని చెయ్యి రాలేదు. మనం ఏదీ పెట్టకపోతే ఆ చోట అంతకుముందు మిగిలిన చెత్త ఏదో ఉంటుందని, మన బస్తాలు దాని మీద పడుతున్నాయని చెప్పాను. తల ఊపాడు గానీ మీట నొక్కలేదు.

"మీ దుకాణంల మొదటి బస్తా ఎక్కియ్యకముందు ఏం చూస్తరు?"

"ఖాళీ తరాజు చూస్తం. ముల్లు నడుమల నిలబడాలె. లేకుంటే రైతు ఒప్పుకోడు."

అన్నాక తనే తెర వైపు తిరిగాడు. మొత్తం పక్కన సున్న కొట్టాడు. రెండో హెచ్చరిక పోయింది. మొదటిది పోనివ్వలేదు, లాభం అలాగే ఉండనిమ్మన్నాడు. నేనూ పట్టుపట్టలేదు.

ఆదివారం మామ నిలబడే తూకాలు చెప్పాడు, వేళ్ల కణుపుల మీద తనూ కూడుకుంటూ. రెండు లెక్కలూ ఒకటే అయ్యాయి. ఆయన వంగి తెర మీది వరసలు చూశాడు.

"గీ సున్న ఏందిరా, మొదట్లనే?"

"ఖాళీ తరాజు బాపూ. ముల్లు చూసినట్టు."

స్టేషన్ దాకా ముగ్గురం నడిచాం. కిటికీ దగ్గర ఆయన ధర్మాబాద్‌కు ఒక్క టికెటే తీసుకున్నాడు.